పాత కార్ల చోదక భాగాలు: ఇంటి దగ్గర విప్పడం, బాగుచేయడం (కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం)

ఇంజన్‌లో పుట్టిన బలాన్ని చక్రాల దాకా చేరవేసే భాగాలను కలిపి చోదక వ్యవస్థ అంటారు. క్లచ్, గేర్ బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు ఇందులో ముఖ్యమైనవి. జీపు అయితే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు యాక్సిల్ అదనం. పాత కార్లలో ఇంజన్ ముందు ఉంటుంది, తిరిగే బలం వెనక చక్రాలకు పోతుంది. నడుమ ఉన్న సరంజామా అంతా ఒక వరుసలో, ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటుంది. అందుకే ఏ భాగాన్ని కావాలంటే దాన్ని విడిగా దింపుకోవచ్చు. 1983లో మారుతి 800 వచ్చాక మొదలైన ముందు చక్రాల కార్లలో గేర్ బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఇమిడిపోయాయి. వాటిని ఇంటి వాకిట్లో దింపడం వేరే కథ. ఈ వ్యాసం పాత పద్ధతి బండ్ల గురించి, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వాటికి జరిగే ఇంటి మరమ్మతు గురించి. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజన తర్వాత ఈ ప్రాంతం చాలావరకు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో ఉంది.

ఇక్కడి బండ్లు

ఈ ప్రాంతంలో పాత కారంటే ముందు గుర్తొచ్చేది అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాను తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారు చేసింది. ఎక్కువ కాలం దానికి 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్, నాలుగు గేర్ల పెట్టె ఉండేవి. 1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. కలెక్టరేట్లు, పోలీసు శాఖ, సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, కాగజ్‌నగర్ మిల్లు లాంటి చోట్ల అధికారులకు దశాబ్దాల పాటు ఇదే బండి. కండెం చేసి వేలం వేసినప్పుడు కొన్నవాళ్ల ఇళ్లలో వీటిలో కొన్ని నేటికీ నడుస్తున్నాయి. రెండోది ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ. ఇది ఎక్కువగా డాక్టర్లు, వ్యాపారులు వాడిన కుటుంబ కారు.

మూడోది మహీంద్రా జీపు. ఆదిలాబాద్ జిల్లాకూ దీనికీ ఉన్న అనుబంధం మరో జిల్లాకు ఉండదేమో. ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు బస్సు చేరని గూడేలకు జనాన్ని మోసింది జీపులే. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల అసెంబ్లీతో మొదలుపెట్టి, తర్వాత లైసెన్సు మీద సీజే-3బి నమూనాను దేశంలోనే చేసింది. ఆ వంశంలో వచ్చిన ఎంఎం 540కి ప్యూజో డీజిల్ ఇంజన్ పెట్టింది. కారు అభిమానులు జీపును పాత కార్ల లెక్కలోకి రానివ్వరు గానీ, చోదక వ్యవస్థ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని వదిలేయడం అన్యాయం. నేర్చుకోవడానికి దానంత మంచి బండి లేదు.

చోటు, పనిముట్లు

పోర్టికోలోనో, గచ్చు చేసిన వాకిట్లోనో చదునైన నేల ఉంటే చాలు. మట్టి నేల మీద, ముఖ్యంగా ఆదిలాబాద్ నల్లరేగడి మీద, జాకీ కుంగుతుంది. ఒట్టి జాకీ మీద ఆనించిన కారు కిందికి ఎంత అనుభవం ఉన్నా దూరకూడదు. స్టాండులు లేకపోతే మందమైన టేకు దిమ్మెలు పనికొస్తాయి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ తుంపులు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వాటినే పెట్టే అలవాటు ఉంది. అది మానుకోవాలి. మెరుగు పెట్టిన రాయి మీద ఇనుప యాక్సిల్ నూనె చుక్క తగిలితే జారుతుంది, ఇటుక అయితే ఒక్కసారిగా పగులుతుంది.

పానాల విషయంలో పాత బండ్లకు ఒక చిక్కుంది. అంబాసిడర్ పుట్టుక బ్రిటిష్‌ది, బోల్టులు అంగుళాల కొలతవి. పద్మిని ఇటలీ సంతానం, మిల్లీమీటర్ల కొలత. ఎంఎం 540కి ఇంజన్ మిల్లీమీటర్లలో, యాక్సిళ్లు అంగుళాల్లో. మామూలు షెడ్డులో దొరికే 13 నంబరు పానా అరంగుళం నట్టుకు ఎక్కుతుంది గానీ వదులుగా ఉంటుంది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. కొత్త నట్టుకు అది చెల్లిపోతుంది. నలభై ఏళ్ల తుప్పు పట్టిన నట్టు మీద బలంగా లాగితే మూలలు గుండ్రమై, ఆపై ఉలి తప్ప దారి ఉండదు. 9/16 నట్టుకు 14 పట్టదు, 15 వదులు. ఒక్క ముప్పావు అంగుళానికే 19 నంబరు సరిగ్గా సరిపోతుంది. కాబట్టి అంబాసిడరో జీపో ఉన్నవాళ్లు ముందు కొనవలసింది 7/16 నుంచి 3/4 దాకా రింగు పానాల సెట్టు. దాంతోపాటు హబ్ పుల్లర్, సర్‌క్లిప్ ప్లయర్, టార్క్ రెంచి ఉండాలి. తుప్పు పట్టిన నట్ల మీద ముందురోజు సాయంత్రమే గ్యాస్‌నూనె, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వదిలేస్తే పొద్దున పని సగం తేలికవుతుంది. రామగుండంలో 45 డిగ్రీలు దాటే వేసవిలో ఈ పని పొద్దున పది లోపే.

చప్పుడును బట్టి

విప్పే ముందు ఏది విప్పాలో తేల్చుకోవాలి. ఇక్కడ తప్పటడుగు పడితే బాగున్న భాగం బయటికొస్తుంది, చెడ్డది లోపలే ఉంటుంది. ముందుకూ వెనక్కూ గేరు మార్చి క్లచ్ వదలగానే కింద ‘టక్’మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు గానీ డిఫరెన్షియల్ లోపలి వాషర్లు గానీ అరిగాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఈల వేస్తూ, కాలు తీయగానే ఆగిపోయే శబ్దం డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్‌ది. వంకర తిరిగేటప్పుడు పెరిగి, తిన్నగా పోయేటప్పుడు తగ్గే గరగర హబ్ బేరింగ్‌ది. క్లచ్ తొక్కగానే మొదలయ్యే శబ్దం రిలీజ్ బేరింగ్‌ది, తొక్కగానే ఆగేది గేర్ బాక్స్ ముందు బేరింగ్‌ది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోందని అర్థం. గేరు దూకడం వీటన్నిటిలోకీ ప్రమాదకరం: నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ మలుపులు దిగుతున్నప్పుడు ఇంజన్ పట్టు మీద ఉన్న గేరు న్యూట్రల్‌లోకి వస్తే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. గేరు దూకే బండిని ఘాటు దాటించకూడదు.

క్లచ్, గేర్ బాక్స్

అంబాసిడర్‌లో గేర్ బాక్సును కింది నుంచే దింపవచ్చు. బ్యాటరీ వైరు తీసి, నూనె వదిలి, ప్రొపెల్లర్ షాఫ్ట్, స్పీడోమీటర్ కేబుల్, గేరు కడ్డీలు, క్లచ్ లింకు విడదీయాలి. ఇంజన్ సంపు కింద చెక్క పెట్టి ఇంకో జాకీతో ఆపాలి. వెనక మౌంటింగ్ తీసేశాక ఇంజన్ వెనక్కి ఒరుగుతుంది, దాంతో ముందున్న ఫ్యాన్ రేడియేటర్‌ను తాకే అవకాశం ఉంది. బెల్ హౌసింగ్ బోల్టులన్నీ వచ్చాక పెట్టెను తిన్నగా వెనక్కి జరపాలి. ఈ ఒక్క మాటే అసలు మెలకువ. పెట్టె బరువు దాని ముందు షాఫ్ట్ మీద వేలాడితే క్లచ్ ప్లేట్ హబ్బు వంగుతుంది. కొత్త ప్లేటు వేసేటప్పుడు ఇలా వంచేసి, తర్వాత కంపెనీని తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ జాకీ ఉండాల్సిందే. పడుకుని ఛాతీ మీద ఆన్చుకుని దింపడం షెడ్డుల్లో కనిపించే విద్యే గానీ ఇంట్లో చేయకూడదు.

బి-సిరీస్ క్లచ్‌లో రిలీజ్ బేరింగ్ బంతులతో చేసింది కాదు, కార్బన్ దిమ్మె. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే అది త్వరగా అరిగి, లోహం లోహాన్ని తాకుతుంది. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అందుకే ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నని చీలికలు కనిపిస్తే లేతు మీద ఫేసింగ్ చేయించాలి.

ఫ్లైవీల్ నడుమ ఉండే పైలట్ బుష్‌ను చాలామంది మరిచిపోతారు. గుండ్రని ఇత్తడి రంగు ముక్క, వెనక దారి లేని రంధ్రంలో దూరి ఉంటుంది కాబట్టి పట్టుకుని లాగడానికి ఏమీ దొరకదు. దానికి షెడ్డుల్లో ఒక పాత కిటుకుంది. రంధ్రంలోకి గ్రీజు దట్టంగా కూరి, బుష్‌లో బిగుతుగా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొడితే, గ్రీజుకు పోయే చోటు లేక బుష్‌ను వెనక నుంచి నెడుతుంది. గ్రీజు తగ్గినప్పుడల్లా మళ్లీ కూరాలి. నాలుగైదు దెబ్బలకు బుష్ దానంతటదే బయటికి జరుగుతుంది. కొత్తది పెట్టే ముందు రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాలి.

ప్లేటును కేంద్రంలో నిలపడానికి పాత గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ ఒకటి సంపాదించుకుంటే అంతకు మించిన సాధనం లేదు. ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఒక్కొక్కటే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

గేర్ బాక్సును తెరవడం ఇంట్లో సాధ్యమే. అంబాసిడర్, పద్మినిల పాత పెట్టెల్లో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి ఆగకముందే మొదటి గేరు వేసే అలవాటున్న బండిలో ఆ పళ్లు విరిగి, అరిగి ఉంటాయి. సింక్రో హబ్బును విప్పేటప్పుడు చిన్న స్ప్రింగులూ గోళీలూ ఎగిరిపోతాయి కాబట్టి గుడ్డ చుట్టి విప్పాలి. కౌంటర్ షాఫ్ట్ తీసేటప్పుడు దాని వెనకే అంతే మందం, గేరు పొడవుకు మించని డమ్మీ కడ్డీని నెడితే సూది రోలర్లు రాలకుండా ఉంటాయి. ఆ కడ్డీ ఏ లేతు షాపులోనైనా చేసిస్తారు.

ప్రొపెల్లర్ షాఫ్ట్

మొదటిసారి చేతులు నల్లగా చేసుకునేవాళ్లకు అనువైన పని ఇదే. విప్పే ముందు రెండు వైపులా ఫ్లాంజుల మీద పంచ్‌తో గుర్తు పెట్టాలి. షాఫ్ట్ రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉండాలి. ఒక్క క్రాస్ జాయింట్ కోణంలో తిరిగినప్పుడు ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది; రెండో జాయింట్ ఆ తేడాను సరిచేస్తుంది. జారుడు పళ్ల దగ్గర ఒక్క పన్ను తప్పించి బిగించినా ఈ లెక్క చెడి బండి వణుకుతుంది. అమెరికన్ ఇంజనీరు క్లారెన్స్ స్పైసర్‌కు 1903లో పేటెంటు వచ్చిన ఈ జాయింటు పెద్దగా మారకుండా నేటి లారీల దాకా వచ్చింది.

క్రాస్ మార్చాలంటే నాలుగు సర్‌క్లిప్పులు తీసి, ఒక వైపు కప్పును కొట్టి ఎదుటి కప్పును బయటికి రప్పించాలి. కప్పు లోపల సూదుల్లాంటి రోలర్లు ఉంటాయి. పాత క్రాస్ కాళ్ల మీద వేలు పోనిస్తే ఆ రోలర్లు పడిన గాడులు గోటికి తగులుతాయి. గాడి తగిలిందంటే గ్రీజుతో నయం కాదు, క్రాస్ సెట్టే మార్చాలి. కొత్త కప్పు దించేటప్పుడు ఒక రోలర్ అడ్డం తిరిగితే కప్పు చివరి దాకా దిగదు, సర్‌క్లిప్ పట్టదు. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టకుండా వెనక్కి తీసి చూడాలి.

హౌసింగ్, క్రౌన్ పినియన్

అంబాసిడర్ వెనక యాక్సిల్ బాంజో రకం. దీని గొప్పతనం ఏమిటంటే డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. చక్రాలు, డ్రమ్ములు తీశాక యాక్సిల్ షాఫ్ట్ ఫ్లాంజును పట్టి ఉంచే స్క్రూ విప్పితే షాఫ్ట్ బయటికి జారుతుంది. రెండు షాఫ్టులూ కాస్త బయటికి లాగి, నూనె వదిలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ విడదీసి, చుట్టూ ఉన్న నట్లు విప్పితే చాలు. ముద్ద బరువైనది, కింద జాకీ ఆనించాకే చివరి నట్టు తీయాలి.

వదిలిన నూనె సగం సంగతి చెబుతుంది. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి బూడిద రంగు ముద్దలా ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే పొలుసులు, పంటి ముక్కలు ఉంటే బేరింగో గేరో పోయినట్టు. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి. వానాకాలంలో వాగులు దాటిన ఆదిలాబాద్ జీపుల్లో ఇది సర్వసాధారణం. హౌసింగ్ మీద ఉండే చిన్న గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినా ముప్పే: లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి నూనెను సీళ్ల గుండా బ్రేకు డ్రమ్ముల్లోకి నెడుతుంది. గోదావరిఖని, మందమర్రి బొగ్గు దుమ్ములో తిరిగే బండికి ఆ రంధ్రాన్ని ఏటా శుభ్రం చేయడం కొత్త సీళ్లు కొనడం కన్నా చవక.

డిఫరెన్షియల్ లోపల చిన్న గేర్ల వెనక వాషర్లు, నడుమ అడ్డపిన్ను ఇంట్లో మార్చదగినవి. ‘టక్’మనే శబ్దానికి చాలాసార్లు మందు అదే. బేరింగ్ క్యాపులు కుడిది కుడికి, ఎడమది ఎడమకే వెళ్లాలి. విప్పకముందే ఒక చుక్క, రెండు చుక్కలు పంచ్ చేసుకోవాలి.

క్రౌన్ పినియన్ దగ్గర ఇంటి పని ఆగిపోవాలి, లేదా కొలత సాధనాలతో మొదలవ్వాలి. 1926లో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన హైపాయిడ్ పళ్లలో పినియన్ అక్షం క్రౌన్ కేంద్రం కన్నా కిందికి ఉంటుంది. షాఫ్ట్ కిందికి దిగుతుంది, పన్ను బలంగా ఉంటుంది, కానీ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి. క్రౌన్, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో జతగా అరగదీసినవి, రెండింటి మీదా ఒకే జత నంబరు ఉంటుంది. ఒకటి మార్చి ఇంకోటి ఉంచితే ఈల ఖాయం. పళ్ల మధ్య వదులు సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌దే. దాన్ని డయల్ గేజీతో చూడాలి గానీ చేత్తో ఊపి చూసి ‘సరిపోయింది’ అనకూడదు.

తర్వాత పళ్లకు రంగు పూసి తిప్పి అచ్చు చూస్తారు. అచ్చు పంటి నడుమ పడితే అమరిక సరే. పంటి మొదటికి దిగిపోతే పినియన్ లోపలికి ఎక్కువ పోయింది, అంచుకు ఎగబాకితే తక్కువ పోయింది, షిమ్ములు మార్చాలి. కాగితం మందం షిమ్ముతో అచ్చు చోటు మారిపోతుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఎక్కువగా లారీ షెడ్డుల్లోనే ఉన్నారు, కార్ల షెడ్డుల్లో అరుదు. ముద్దను ఇంట్లో విప్పుకుని, అమరికకు వాళ్ల దగ్గరికి మోసుకుపోవడమే తెలివైన పద్ధతి. మజూరీ తగ్గుతుంది, పనీ సరిగ్గా అవుతుంది.

జీపుకు ప్రత్యేకమైన జాగ్రత్తలు

పాత మహీంద్రా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన మరుక్షణం ఆ బ్రేకు పనికిరాదు. వాలులో నిలిపిన జీపు కింద పడుకుని షాఫ్ట్ విప్పితే బండి మనిషి మీదుగా పోతుంది. చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టకుండా ఒక్క బోల్టూ ముట్టుకోకూడదు.

వెనక హబ్బులు మొన తేలిన యాక్సిల్ మీద చావితో బిగిసి ఉంటాయి. వీటికి బలమైన పుల్లర్ తప్పదు. పుల్లర్ బిగించేటప్పుడు యాక్సిల్ నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేసి అక్కడే ఉంచాలి. వీడేటప్పుడు హబ్బు తుపాకి దెబ్బలాంటి చప్పుడుతో ఎగురుతుంది. నట్టు ఉంటే దాన్ని అక్కడే ఆపుతుంది. ఈ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ అంబాసిడర్‌లా ముద్దగా రాదు, వెనక మూత తీసి లోపలే పని చేయాలి.

నూనెలు, విడి భాగాలు

హైపాయిడ్ హౌసింగ్‌కు జీఎల్-5 తరగతి 90 నంబరు ఆయిల్ పోయాలి. అదే నూనెను ఇత్తడి సింక్రో రింగులున్న పాత గేర్ బాక్సులో పోస్తే దానిలోని గంధకపు రసాయనాలు ఇత్తడిని తినవచ్చు. అక్కడ మాన్యువల్ చెప్పిన రకం, లేదా జీఎల్-4. వదిలిన నూనెను చెదల మందుగా గుంజలకు పూయడం పల్లెల్లో ఉన్నదే. బావికి, కాలువకు చేరే చోట ఆ పని వద్దు.

సామాన్ల కోసం కరీంనగర్ వాళ్లు సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు, పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాలకు వెళతారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగపూర్ 200లోపే కాబట్టి అక్కడి బండ్లకు నాగపూర్ దగ్గర. అంబాసిడర్ బి-సిరీస్ ఇంజన్ ఎంజీ స్పోర్ట్స్ కార్లకు దగ్గరి చుట్టం. ఇక్కడ దొరకని కొన్ని ముక్కలు బ్రిటన్ నుంచి తెప్పించుకోవచ్చు, ధరకు సిద్ధపడితే. విరిగిన యాక్సిల్ షాఫ్టును వెల్డింగ్ చేయించడం మాత్రం ఏ ధరకూ లాభం కాదు. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గట్టిదనం చెడి, అక్కడే మళ్లీ తెగుతుంది.

చట్టం

క్లచ్, గేర్ బాక్స్, యాక్సిల్ మరమ్మతుకు రవాణా శాఖ అనుమతి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండేవి ఇంజన్, ఛాసిస్ నంబర్లు. ఇంజన్ మారిస్తే నమోదు చేయించాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు తీరిపోయాక ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా ‘వీఏ’ వరుస నంబరుతో నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబరున్న బండిని ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. రోజూ వాడుకోవాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగించుకోవాలి.